బెండకాయా బెండకాయా, ముంచనా?

ప్రశ్న: మేము హైదరాబాద్‌లో ఒక ఫ్లాట్‌లో ఉంటాం. మా పాపకు నాలుగేళ్ళు, బాబుకు రెండు నిండాయి. పాప ప్లేస్కూల్లో వచ్చే శుక్రవారం స్ప్రింగ్ డే అట. ఇంటి దగ్గర ఒక క్రాఫ్ట్ చేయించి పంపమన్నారు, ఒక రైమ్ కూడా నేర్పమన్నారు. వీడియో చూసి దూదితో కుందేలు, రంగు కాగితంతో తులిప్ పూలు చేద్దామని కూర్చున్నాం. పది నిమిషాలకే పాప విసుక్కుంది, కత్తెర విసిరేసింది, ఏడ్చింది. బాబు దూది నోట్లో పెట్టుకున్నాడు. చివరికి రాత్రి పదింటికి అంతా నేనే చేశాను. పొద్దున్న చూపిస్తే "ఇది నాది కాదు" అంది. నాకు చేతిపనులు రావు. తెలుగు పాటలు రెండు ముక్కలకు మించి గుర్తు లేవు, అవి కూడా మా అమ్మ ఒకలా, మా అత్తయ్య ఇంకోలా పాడతారు. ఫోన్ ఇస్తే మాత్రం పాప గంటసేపు కదలదు. వసంతకాలానికి తగినట్టు, నాలాంటి వాళ్ళు కూడా చేయించగలిగేవి ఏమైనా చెప్తారా? శుక్రవారం ఏం పంపాలి?
ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, మీ పాప అన్నది నిజమే. అది తనది కాదు, మీది. ఆ కుందేలును మీరే షోకేసులో పెట్టుకోండి. రాత్రి పదింటి దాకా మేలుకుని చేశారు కదా, ఆ మాత్రం హక్కు మీకుంది.

నేను అంగన్‌వాడీలో చాలా ఏళ్ళు పనిచేశాను. పాఠాలు చెప్పాను అనడం కంటే ముక్కులు తుడిచాను, తగువులు తీర్చాను, మధ్యమధ్యలో పాటలు పాడాను అంటే సరిగ్గా ఉంటుంది. అందుకని మీ ఇంట్లో ఆ పది నిమిషాలు ఏం జరిగిందో నాకు కళ్ళకు కట్టినట్టు ఉంది. రెండు నిమిషాల వీడియోలో పది పనులుంటాయి. గీయాలి, కత్తిరించాలి, మడవాలి, జిగురు రాయాలి, అది ఆరేదాకా ఆగాలి, మళ్ళీ అతికించాలి. మూడేళ్ళ పిల్లలు కత్తెరతో కాగితం అంచున చిన్న చిన్న గాట్లు పెడతారు. నాలుగేళ్ళకు తిన్నటి గీత మీద కాస్త వంకరగా అయినా కత్తిరిస్తారు. గుండ్రంగా కత్తిరించడం ఐదేళ్ళ దగ్గరి మాట. తులిప్ రేకుల వంపులు మీ పాప చేతికి ఎలా వస్తాయి? కత్తెర విసిరేయడం మొండితనం కాదు. అడిగింది చెయ్యలేకపోయింది, పైగా పక్కన అమ్మ టెన్షన్ పడుతోంది.

నా లెక్క ఒకటే. చిన్నపిల్లల క్రాఫ్టుకు ఒక్క చేతిపని చాలు. ముంచి అద్దడమో, చింపడమో, రుద్దడమో, పిసకడమో. ఆ ఒక్కటే ఇరవైసార్లు చెయ్యనివ్వాలి. మూడోసారికే మనకు విసుగొస్తుంది, వాళ్ళకు మాత్రం అసలు ఆట అప్పుడే మొదలవుతుంది.

ఇక పాట. మన ఊళ్ళలో పాట ఎప్పుడూ పని పక్కనే ఉండేది. రోటి దగ్గర దంపుడు పాట, తిరగలి దగ్గర విసురుడు పాట, మడిలో నాట్ల పాట. ఒకే రోట్లో ఇద్దరు దంచుతుంటే ఒకరి రోకలి ఇంకొకరి రోకలికి తగలకుండా చూసేది ఆ పాట వరసే. మీరేమో క్రాఫ్ట్ ఒక హోంవర్క్, రైమ్ ఇంకో హోంవర్క్ అనుకున్నారు. రెండూ కలిపేయండి. చెయ్యి ఏం చేస్తోందో పాటలో అదే ఉండాలి. అప్పుడు బట్టీ పట్టించే పని ఉండదు, కూర్చోబెట్టే పనీ ఉండదు.

రేపు కూరలు తరిగేటప్పుడే మొదలుపెట్టొచ్చు. ముదిరిన బెండకాయ ఒకటి తీసుకుని ముచ్చిక వైపు రెండంగుళాల ముక్క కొయ్యండి. పిల్ల పట్టుకోవడానికి ముచ్చికే పిడి. కోసిన వైపు చూడండి, ఐదు మూలల పువ్వు ఉంటుంది. ఒక పళ్ళెంలో తడిపిన స్పాంజి ముక్కో, నాలుగు మడతలు పెట్టిన పాత గుడ్డో పరిచి దాని మీద రంగు పోయండి. రంగును గిన్నెలో పోస్తే ముక్క మునిగిపోయి కాగితం మీద మచ్చ పడుతుందే గానీ పువ్వు పడదు. నేల మీద పాత న్యూస్‌పేపర్లు, పాపకు పాత గౌను. ఇక మీరు అడగాలి, పాప జవాబు చెప్పాలి:

బెండకాయా బెండకాయా, ముంచనా?
ముంచు ముంచు!
ఎర్ర ఎర్ర రంగులోన ముంచనా?
ముంచు ముంచు!
తెల్ల తెల్ల కాగితాన అద్దనా?
అద్దు అద్దు!
ఐదు రేకు పువ్వు పూచె, చూడనా?
చూడు చూడు!

"ముంచు ముంచు" అన్నప్పుడు రెండుసార్లు ముంచడం, "అద్దు అద్దు" అన్నప్పుడు రెండుసార్లు అద్దడం. నాలుగో పువ్వు పడేసరికి ప్రశ్న కూడా పాపే లాక్కుంటుంది, మీకు జవాబులు మిగులుతాయి. సగానికి కోసిన ఉల్లిపాయ గుండ్రాలు గుండ్రాలుగా పడుతుంది. అరటి దవ్వ అడ్డంగా కోస్తే సన్నటి జల్లెడలా పడుతుంది, మొక్కజొన్న కండెను దొర్లిస్తే చుక్కల దారి వస్తుంది. కూరను బట్టి పాటలో పేరు మార్చుకోవడమే. కాగితం మీద పువ్వుల కంటే మరకలే ఎక్కువ కనిపిస్తాయి. ఆ మరకల్ని దిద్దకండి.

ఎందుకు దిద్దవద్దంటున్నానో చెప్తాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను పెద్ద ముచ్చటగా ఇరవై కాగితాల మీద చిలక బొమ్మ గీసి, పచ్చటి ఆకుముక్కలు ఇచ్చి, చిలక లోపల అతికించమన్నాను. ఒక పిల్ల చిలకను ఖాళీగా వదిలేసి ఆకులన్నీ కాగితం అడుగున అతికించింది. ఇదేమిటే అంటే, "చిలక కొరికి పడేసింది టీచర్" అంది. మిగతా పంతొమ్మిదీ ఒక్కలాగే ఉన్నాయి, ఏది ఎవరిదో వాళ్ళకే తెలియలేదు. ఆ తర్వాత నేను పిల్లలకు గీతలు గీసి ఇవ్వడం మానేశాను.

ఇప్పుడు వసంతం సంగతి. కుందేళ్ళు, కోడిపిల్లలు, తులిప్ పూలు చలిదేశాల వసంతానికి గుర్తులు. అక్కడ మంచు కరిగాక దుంపల్లోంచి మొదట పైకొచ్చే పూలలో తులిప్ ఒకటి, కుందేలు, కోడిపిల్ల ఈస్టర్ పండగతో వచ్చాయి. వాటిని తప్పు పట్టడం లేదు. డాలస్‌లోనో లండన్‌లోనో ఉన్న మనవాళ్ళ పిల్లలకు అవి కిటికీలోంచి కనిపించేవే. మన దగ్గర వసంతం అంటే ఎండ ముదరడం, ఒంటిపూట బడులు, మల్లెపూలు, మామిడి పిందెలు. ఒకే నెలలో ఒక చెట్టు కింద ఆకులు రాలుతుంటాయి, అదే చెట్టు పైన చిగుళ్ళు మెరుస్తుంటాయి. చలిదేశాల్లో ఆకు రాలే కాలం ఒకటి, చిగురించే కాలం ఇంకొకటి. మనకు రెండూ పక్కపక్కనే. ఆ చెట్టు కిందికి మీ పాపను తీసుకెళ్ళండి.

మీ ఫ్లాట్ల చుట్టుపక్కల కనీసం కానుగ చెట్టు ఉంటుంది, గుడి దగ్గర రావి, రోడ్డు పక్కన వేప, ఎవరి గేటు దగ్గరో నాటు బాదం. పొద్దున్న ఏడు లోపల వెళ్ళండి, తర్వాత ఎండ. చేతిలో ఒక గుడ్డసంచి. చెట్టు నుంచి తెంపడం లేదు, కింద పడినవే ఏరడం. నాటు బాదం ఆకు రాలేముందు ఎర్రబడుతుంది, రావి చిగురు రాగిరంగులో ఉంటుంది, కానుగ చిగురు నూనె రాసినట్టు మెరుస్తుంది. ఇవన్నీ మీరు చెప్పక్కర్లేదు, "ఎర్రవి నీకు, పచ్చవి నాకు" అంటే పాపే వేరు చేస్తుంది. ఏరేటప్పుడు:

గాలొచ్చిందీ గలగలా
ఆకులు రాలే జలజలా
వంగీ వంగీ ఏరుకో
దోసిటిలోనే దాచుకో

ఇక్కడ ఒక జాగ్రత్త. అపార్ట్‌మెంట్లలో అందానికి గన్నేరు తెగ పెంచుతారు. పచ్చ గన్నేరైనా ఎర్ర గన్నేరైనా ఆకు నుంచి గింజ దాకా అంతా విషమే. గురివింద గింజలు ఎర్రగా నల్లగా ముద్దొస్తాయి, ఆముదం గింజలు చారలు చారలుగా ఉంటాయి, ఇవీ విషమే. ఉమ్మెత్త జోలికి పోవద్దు. జిల్లేడు పాలు కంట్లో పడితే చూపుకే ప్రమాదం. మామిడి కాయ సొన కూడా బుగ్గలకు తగిలితే పొక్కుతుంది. ఇంటికి రాగానే చేతులు కడిగించండి. మీ బాబు దగ్గర ఒకటే లెక్క: వాడి గుప్పిట్లో దాక్కునేది ఏదైనా నోట్లోకి పోతుంది. గింజలు, పూసలు, దూది వాడు నిద్రపోయాకే బయటికి తీయండి.

తెచ్చిన ఆకుల్లో ఈనెలు బాగా ఉబ్బి ఉన్నవి ఏరండి. బోర్లా తిప్పి, అంటే ఈనెల వైపు పైకి పెట్టి, పైన పలచటి కాగితం వేసి, క్రేయాన్ చుట్టూ ఉన్న కాగితం ఒలిచేసి అడ్డంగా పడుకోబెట్టి రుద్దాలి. మొనతో రుద్దితే ఈనెలు రావు, కాగితం చిరుగుతుంది. మీరు కాగితం కదలకుండా పట్టుకోండి, పాప రుద్దుతుంది.

రుద్దు రుద్దు రుద్దితే
ఈనె ఈనె తేలెనే
కాగితాల దుప్పటి
కింద ఆకు లేచెనే

దుప్పటి కింద ఎవరో నిద్రపోతున్నారనేసరికి పిల్లలు ఎంత నెమ్మదిగా రుద్దుతారో చూడండి. రావాకు అన్నిటికంటే బాగా వస్తుంది, దాని తోక కూడా పడుతుంది. ఓపిక ఉంటే ఇంకో రావాకును మూడు వారాలు నీళ్ళలో నానబెట్టండి, రెండు మూడు రోజులకోసారి నీళ్ళు మార్చాలి, కాస్త కంపు కొడుతుంది. కండ కుళ్ళి కరిగిపోయి సన్నటి వలలా ఈనెలు మిగులుతాయి. మెత్తటి బ్రష్‌తో మిగిలిన నలుసులు తీసి పుస్తకంలో పెట్టి ఆరబెట్టడమే. ఇది శుక్రవారానికి కాదు. "ఇవాళ ఏమైందో చూద్దాం" అని రోజూ ఒకసారి తొంగి చూడటానికి.

చేతిపనులు రావన్నారు కదా, పసుపు డబ్బా ఉంది కదా ఇంట్లో! చెంచా పసుపును అరగ్లాసు నీళ్ళలో కలిపి కాగితమంతా పాపతో పూయించండి. ఆరాక ఇంకో గిన్నెలో వంటసోడా నీళ్ళు, చెవుల్లో పెట్టుకునే దూదిపుల్ల ఒకటి. ఆ నీళ్ళకు రంగు లేదు. దాంతో పాప గీసిన చోటల్లా పసుపు ఎర్రగా మారుతుంది. దాని మీద నిమ్మరసం చుక్క వేస్తే మళ్ళీ పసుపు! హారతి పళ్ళెంలో ఎర్రనీళ్ళు చేసేది కూడా ఇదే కిటుకుతో, అక్కడ సోడాకు బదులు సున్నం. పసుపు సున్నం కలిస్తే ఎరుపని మీ అమ్మగారికి తెలుసు, మీ పాపకు మాత్రం అది గారడీ. బట్టల మీద పడితే మరక పోదని కంగారు పడకండి. సబ్బు పెడితే ముందు ఎర్రబడుతుంది, నాలుగు ఎండలు తగిలితే వెలిసిపోతుంది.

తెలంగాణ పల్లెల వైపు వెళ్ళే పని ఉంటే మోదుగ పూలు ఒక సంచెడు తెచ్చుకోండి. ఆకు ఒక్కటి లేకుండా చెట్టంతా నిప్పు అంటుకున్నట్టు ఉంటుంది వసంతంలో. పూర్వం హోలీకి రంగు అంటే ఇదే. గుప్పెడు పూలు చెంబెడు నీళ్ళలో పది నిమిషాలు మరిగిస్తే నారింజపసుపు రంగు దిగుతుంది. మరిగించడం మీ పని, చల్లారాక బ్రష్ పాపది. మోదుగకు మూడే ఆకులని సామెత కదా, చిగురించాక ఇంకోసారి వెళ్తే పాప చేత లెక్కపెట్టించి సామెత నిజమో కాదో తేల్చుకోవచ్చు.

ఉగాదికి తోరణం కడతారు కదా, అది మీరొక్కరే కట్టేయకండి. మామిడాకును పురికొస మీదికి మడిచి చీపురుపుల్ల గుచ్చడం నాలుగేళ్ళ చేతికి కష్టం, పుల్ల విరుగుతుంది. అందుకని పురికొసను రెండు కుర్చీల మధ్య పాప ఛాతీ ఎత్తులో కట్టి, బట్టలారేసుకునే క్లిప్పులు ఇవ్వండి. ఆకు మడిచి క్లిప్పు పెట్టడమే. క్లిప్పు నొక్కే వేళ్ళే రేపు పెన్సిల్ పట్టుకునే వేళ్ళు. ముగ్గుపిండి చిటికెతో వదలడం కూడా అలాంటిదే, నాలుగు చుక్కల ముగ్గు దగ్గర కూర్చోబెట్టండి ఎప్పుడైనా. తోరణం పాట లెక్కపెట్టే పాట:

ఒకటో ఆకు ఒంగింది
రెండో ఆకు నవ్వింది
మూడో ఆకు ఊగింది
నాలుగో ఆకు ఆగింది
ఐదో ఆకు అడిగింది
అమ్మా, పండగ ఎప్పుడనీ!

అన్నీ అయ్యాక క్లిప్పులున్న చోట మీరు పుల్లలు గుచ్చి గుమ్మానికి కట్టండి. ఆకుల మధ్య దూరాలు సమానంగా ఉండవు. ఒకచోట మూడు ఆకులు గుంపుగా, ఒకచోట జానెడు ఖాళీ. వచ్చిన చుట్టాలు అడుగుతారు, పాప చెప్పుకుంటుంది.

పచ్చడి దగ్గర వేపపూత కాడల నుంచి రాల్చే పని కూడా ఇవ్వండి. ఆరు రుచులకు ఆరు ముఖాలు పెట్టడం మా అంగన్‌వాడీలో పెద్ద ఆట:

బెల్లం తియ్యన, బుగ్గలు నవ్వె
చింత పుల్లన, కన్నులు మూసె
వేప చేదు, మూతి ముడిచె
మామిడి వగరు, పళ్ళు జివ్వుమనె
ఉప్పు చిటికెడు, పెదవి తడిపె
కారం కారం, పరుగో పరుగు!

చివరి మాటకు అందరూ నీళ్ళ కుండ దగ్గరికి పరుగెత్తేవాళ్ళు. కారం నిజంగా పెట్టక్కర్లేదు.

ఇక మీ బాబు. రెండేళ్ళవాడికి ఇష్టమైన పని చింపడం, అదే పని వాడికి ఇవ్వండి. పాత పత్రికలో పచ్చగా, పసుపుగా ఉన్న పేజీలు చేతికిస్తే ముక్కలు ముక్కలు చేస్తాడు. ఆ ముక్కలన్నీ పాప అతికిస్తే చెట్టయినా అవుతుంది, పిట్టగూడయినా అవుతుంది. నోట్లో పెట్టుకుంటాడేమో ఒక కంట కనిపెట్టి ఉండండి. జిగురు కొనక్కర్లేదు. రెండు చెంచాల మైదా అరగ్లాసు నీళ్ళలో ఉండలు కట్టకుండా కలిపి సన్నసెగ మీద చిక్కబడేదాకా తిప్పితే చాలు. గోడల మీద సినిమా పోస్టర్లు అంటించింది ఇలాంటి మైదా జిగురుతోనే. కొండపల్లి బొమ్మలు చేసేవాళ్ళయితే చింతగింజల పిండిలో రంపపు పొట్టు కలిపి మక్కు చేసుకుంటారు, తెల్ల పొణికి కర్రలో చెక్కిన చేతుల్ని, తలల్ని బొమ్మకు అతికేది దాంతోనే. మన వంటింటి జిగురును తక్కువగా చూడకండి.

ఇద్దరూ కలిసి చేసుకునేది పిండిముద్ద. గ్లాసు మైదా, అరగ్లాసు ఉప్పు, చెంచా నూనె, చిటికెడు పసుపు. అరగ్లాసు నీళ్ళు పక్కన పెట్టుకుని కొద్దికొద్దిగా పోస్తూ చపాతీ పిండిలా కలపాలి. బాగా ఉప్పగా ఉంటుంది కాబట్టి ఒకసారి నాకినవాడు రెండోసారి నాకడు, అయినా తిననివ్వకండి. మూత పెట్టి ఫ్రిజ్‌లో ఉంచితే వారం ఆడుకోవచ్చు.

పిసికీ పిసికీ ముద్ద చెయ్
ముద్దను తిప్పీ గుండు చెయ్
గుండుకు ముందర ముక్కు చెయ్
గుండుకు వెనకన తోక చెయ్
పిల్లా పిల్లా, పేరేంటే?
పిచ్చుకపిల్లని అంటుందే!

బాబు మొదటి పాదం దగ్గరే ఆగిపోతాడు. ఆగిపోనివ్వండి, వాడి పిచ్చుక ముద్దగానే ఉంటుంది. చీపురుపుల్లలు రెండు గుచ్చితే పాప పిచ్చుక నిలబడుతుంది కూడా. బాల్కనీలో ఒక మట్టి మూకుడులో నీళ్ళు, పక్కన గుప్పెడు నూకలు పెట్టి ఈ పిచ్చుకను అక్కడ కూర్చోబెట్టండి. అసలు పిచ్చుకలు వస్తాయో లేదో, పావురాలైతే తప్పకుండా వస్తాయి. నీళ్ళు రోజూ మార్చండి, లేకపోతే దోమలు.

కోయిలకు క్రాఫ్ట్ కూడా అక్కర్లేదు. నల్ల క్రేయాన్‌తో పాప ఎలా గీకినా కోయిలే అవుతుంది, కన్ను మాత్రం ఎర్రగా ఉండాలి, కుంకుమతో ఒక చుక్క పెట్టించండి. నల్లగా ఉండి కూసేది మగ కోయిల. ఆడది గోధుమరంగు మీద తెల్ల చుక్కలతో ఉంటుంది, తన గూడు తాను కట్టుకోకుండా కాకి గూట్లో గుడ్లు పెడుతుంది. ఈ సంగతి చెప్తే మీ పాప కనీసం నాలుగు రోజులు కాకి తరఫున అడుగుతుంది. పొద్దున్నే బయట అది కూస్తుంటే:

కొమ్మ మీద కోయిలా... కూ!
కొత్త చిగురు తింటివా... కూ!
మావిడాకు చాటునా... కూ!
మమ్ము చూసి దాగితివా... కూ కూ కూ!

పాదం మీది, కూ పాపది. మనం ఎదురు కూస్తే అది ఇంకా గట్టిగా కూస్తుందని చిన్నప్పుడు మనందరికీ తెలుసు కదా.

పాటలు గుర్తులేవని బాధపడ్డారు. పైన రాసినవి నేను పిల్లల ముందు అప్పటికప్పుడు కట్టుకున్నవే, పెద్ద విద్యేమీ కాదు. తెలుగు మాటలు చాలావరకు అచ్చుతో ఆగుతాయి కాబట్టి చివర లాగి పాడుకోవచ్చు. గలగల, జలజల, బిరబిర, చకచక లాంటి జంటమాటలు రెండు దొరికితే సగం పాట అయిపోయినట్టే. మొదట్లో నాలుగు పాదాలు మించకుండా, ప్రతి పాదంలో చెయ్యి చేసే పని ఒకటి ఉండేలా చూడండి. ఎక్కడైనా పాప పేరు పడితే ఇక మీరు ఆపమన్నా ఆపదు. రాగం రాకపోతే చప్పట్లు చాలు. పాటను వీడియో వేగంలో పాడొద్దు. పాప చెయ్యి ఎక్కడ ఆగితే పాట అక్కడ ఆగాలి, అద్దడం అయ్యాక మళ్ళీ అందుకోవాలి.

మీ అమ్మగారు ఒకలా, అత్తయ్యగారు ఇంకోలా పాడటం సమస్యే కాదు. నోటి పాటలు ఊరికో తీరుగా ఉంటాయి. ఏది సరైనదని తేల్చబోతే ఇంట్లో అనవసరంగా గొడవ. ఇద్దరికీ ఫోన్ చేసి, పాపను పక్కన కూర్చోబెట్టుకుని, చిన్నప్పుడు ఎండాకాలంలో ఏం ఆడుకునేవాళ్ళని అడగండి. కొబ్బరాకుతో బూర, వాచీ, కళ్ళజోడు, తుమ్మముల్లుకు గుచ్చిన తాటాకు గిరక, ముంజలు తిన్నాక మిగిలిన తాటిబుర్రల బండి, అన్నీ బయటికొస్తాయి. సెలవులకు ఊరు వెళ్ళినప్పుడు వాళ్ళనే చేసిపెట్టమనండి. తాటిబుర్రల బండి మాత్రం తాతగారికి వదిలేయండి, అందులో ఆయన మాటే చెల్లాలి.

ఫోన్ గురించి నేను పెద్దగా చెప్పను. పిల్లలు ఫోన్ చూసేది చాలాసార్లు ఇంట్లో చేతికి ఇంకేమీ దొరకకే. కూర తరిగే పావుగంట బెండకాయ ముచ్చికలు ఇచ్చి చూడండి, తర్వాత ఫోన్ అడిగితే అప్పుడు చూద్దాం. ఇంగ్లీషు రైమ్ స్కూల్లో వాళ్ళు ఎలాగూ నేర్పుతారు, అదీ రానివ్వండి.

శుక్రవారానికి బెండకాయ పువ్వుల కాగితం పంపండి. మధ్యలో అరచేయంత ఎర్ర మరక పడి ఉంటే ఉండనివ్వండి. చుట్టూ అంచు కత్తిరించకండి, పైన మెరుపులు చల్లకండి. వెనక వైపు పాట రాసి, ముచ్చిక ముక్కలు రెండు డబ్బాలో పెట్టి ఇవ్వండి. రైమ్ చెప్పమన్నప్పుడు మీ పాప టీచర్నే "ముంచనా?" అని అడగొచ్చు. ముక్కలు మాత్రం శుక్రవారం పొద్దున్నే కొయ్యండి, ముందు రోజు కోస్తే జిగట కారి వాడిపోతాయి.